స్పూలు టేప్ రికార్డర్లలో సర్క్యూట్ బోర్డులు: గుర్తింపు, మరమ్మతు

స్పూలు టేప్ రికార్డరులో టేపును నడిపే భాగం వేరు, శబ్దాన్ని పట్టి తిరిగి వినిపించే భాగం వేరు. మోటార్లు, చక్రాలు, బ్రేకులు, రబ్బరు రోలరు మొదటి కోవలోవి. టేపు మీది అయస్కాంత గుర్తులను శబ్దంగా, శబ్దాన్ని అయస్కాంత గుర్తులుగా మార్చే పనంతా సర్క్యూట్ బోర్డులది. 1950ల చివరి నుంచి 1980ల దాకా తయారైన యంత్రాల్లో ఇనుము, అల్యూమినియం భాగాలు చాలావరకు ఇప్పటికీ గట్టిగానే ఉంటాయి. బోర్డుల మీది చిన్న భాగాలు మాత్రం ఎండిపోయి, చిలుము పట్టి, విలువలు మారిపోయి ఉంటాయి. కనుక పాత యంత్రాన్ని పనిలోకి తేవాలంటే ఏ బోర్డు ఏ పని చేస్తుందో ముందు గుర్తించాలి, ఆ తర్వాతే దాన్ని ముట్టుకోవాలి. వయసు మీరి పాడైన బోర్డును బాగుచేయడం సులువు. గుర్తుపట్టకుండా సోల్డరింగ్ ఐరన్ పెట్టిన చేతుల్లో పాడైన బోర్డును బాగుచేయడం చాలా కష్టం.

శబ్దం నడిచే దారి తెలిస్తే బోర్డుల పేర్లు వాటంతట అవే తెలుస్తాయి. ప్లేబ్యాక్ హెడ్ నుంచి వచ్చే సంకేతం ఒకటి రెండు మిల్లీవోల్టుల పాటిది. దాన్ని పెంచేది ప్లేబ్యాక్ ప్రీయాంప్లిఫయర్. పౌనఃపున్యం పెరిగేకొద్దీ హెడ్ ఇచ్చే సంకేతం కూడా పెరుగుతుంది కనుక, ఆ తేడాను సరిదిద్దే ఈక్వలైజేషన్ సర్క్యూటు కూడా ఈ బోర్డు మీదే ఉంటుంది. రికార్డింగు వైపు, మైకు సంకేతాన్ని పెంచే ఇన్‌పుట్ బోర్డు, హెడ్‌కు కరెంటు పంపే రికార్డింగ్ యాంప్లిఫయర్ ఉంటాయి. వీటికి తోడు ఆసిలేటరు. ఇది సాధారణంగా 50 నుంచి 150 కిలోహెర్ట్జ్‌ల మధ్య, చెవికి వినిపించని పౌనఃపున్యాన్ని పుట్టిస్తుంది. అందులో కొంత ఎరేజ్ హెడ్‌కు పోయి పాత రికార్డింగును తుడిచేస్తుంది, కొంత బయస్ అనే పేరుతో రికార్డింగ్ హెడ్‌కు చేరి మాటతో కలుస్తుంది. బయస్ అందకపోతే టేపు మీద మాట పడుతుంది గానీ గరగరలాడుతూ పడుతుంది. ఇవన్నీ నడవడానికి పవర్ సప్లై, మోటార్లను అదుపులో పెట్టే కంట్రోల్ బోర్డు, మీటరు ముల్లును కదిలించే చిన్న బోర్డు అదనం. ఖరీదైన యంత్రమైనా చౌకదైనా ఈ పనులే చేస్తుంది. ఖరీదైనదానిలో ఒక్కో పనికి ఒక్కో బోర్డు కేటాయిస్తారు, చౌకదానిలో దాదాపు అన్నిటినీ ఒకే బోర్డు మీద ఇరికిస్తారు.

కడప ప్రాంతంలో ఈ యంత్రాల చరిత్ర ఆకాశవాణితో ముడిపడింది. కడప కేంద్రం 1963లో ప్రసారాలు మొదలుపెట్టింది. ప్రసంగాలు, నాటికలు, హరికథలు, సేద్యం ముచ్చట్లు, జానపద గేయాలు, రాయలసీమ వినేవారికి చేరిన ఇలాంటి కార్యక్రమాలు దశాబ్దాల పాటు స్పూలు టేపు మీదే రికార్డయ్యాయి. ఆకాశవాణి స్టూడియోల్లో నిలువెత్తు కన్సోల్ రికార్డర్లు ఉండేవి. మహారాష్ట్ర ప్రభుత్వరంగ సంస్థ మెల్ట్రాన్ చేసినవి వాటిలో కొన్ని. ఊళ్లకు పోయి రికార్డు చేసుకురావడానికి భుజాన వేసుకునే చిన్న యంత్రాలు వాడేవారు. ఆకాశవాణి ఉద్యోగుల మాటల్లో అవి యూపీటీఆర్‌లు. ఇళ్లలోకి వచ్చిన యంత్రాల సంగతి వేరు. కడప జిల్లా నుంచి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు పనికి పోయినవారు తెచ్చిన టేప్ రికార్డర్లలో క్యాసెట్‌వే ఎక్కువ. స్పూలు యంత్రాలు అరుదు. ఉన్నవాటిలో జపాను అకాయ్, సోనీ, టీయాక్, యూరపు ఫిలిప్స్, గ్రుండిగ్, రివాక్స్ పేర్లు కనిపిస్తాయి. ఇటీవల అమెరికా నుంచి, యూరపు నుంచి పాత యంత్రాలు తెప్పించుకునే అభిరుచిపరులూ ఉన్నారు.

యంత్రం ఏ దేశం నుంచి వచ్చిందన్నది బోర్డు దాకా పోకముందే తేల్చుకోవాల్సిన విషయం. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కువైట్‌ది 240 వోల్టులు, 50 హెర్ట్జ్ కనుక అక్కడి యంత్రంతో ఇబ్బంది లేదు. సౌదీలో చాలాకాలం 127 వోల్టులు, 60 హెర్ట్జ్ నడిచింది. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజీని మార్చవచ్చు, హెర్ట్జ్‌ను మార్చలేరు. 60 హెర్ట్జ్‌కు చేసిన ఏసీ మోటారు 50 హెర్ట్జ్ మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. పాట పన్నెండు స్వరస్థానాల లెక్కలో మూడింటికి పైగా కిందికి దిగిపోతుంది, స్త్రీ గొంతు మగ గొంతులా వినిపిస్తుంది. బోర్డు పోయిందనుకుని ప్రీయాంప్లిఫయరును విప్పదీసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చాలా అకాయ్ యంత్రాల్లో మోటారు ఇరుసు మీది బుష్‌ను, మోటారు కండెన్సర్ కనెక్షనును మార్చితే సరిపోతుంది. మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్ బోర్డే అదుపు చేసే రివాక్స్ ఏ77, బీ77లలో ఈ తంటా లేదు.

బోర్డులను గుర్తించే పని యంత్రం ఏ తరానిదో తేల్చుకోవడంతో మొదలవుతుంది. వాల్వుల కాలం యంత్రాల్లో చాలావాటికి అసలు బోర్డే ఉండదు, ట్యాగ్ స్ట్రిప్పుల మీద భాగాలను నేరుగా కట్టేస్తారు. మొదటి దశలో ఈఎఫ్86, తర్వాత ఈసీసీ83, చివర ఈఎల్84 లేదా ఈసీఎల్82, మీటరు బదులు ఆకుపచ్చగా వెలిగే ఈఎం84 కనిపిస్తే అది యూరపు వాల్వు యంత్రం. ఇక్కడ 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్‌లో ఆ చార్జి నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. దాన్ని ఒక రెసిస్టరు గుండా ఖాళీ చేసి, మీటరుతో చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

రెండో తరం జెర్మేనియం ట్రాన్సిస్టర్లది. గోధుమరంగు పలచని బోర్డు, వెడల్పాటి రాగి దారులు, చిన్న అల్యూమినియం లేదా గాజు గొట్టాల్లాంటి ట్రాన్సిస్టర్లు దీని ఆనవాళ్లు. ఓసీ71, ఏసీ126, ఏసీ128 లాంటి పేర్లు వీటి మీద కనిపిస్తాయి. ఏసీ127, ఏసీ128 మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా చేసింది. వీటిలో చాలావరకు పీఎన్‌పీ రకం కావడంతో యంత్రం చట్రానికి పాజిటివ్ కలిపి ఉండటం మామూలు. తెలియక మీటరు నల్లతీగను చట్రానికి తగిలించి, వోల్టేజీలన్నీ తలకిందులుగా ఉన్నాయని బోర్డును అనుమానించకూడదు. ఏఎఫ్114 నుంచి ఏఎఫ్117 వరకు ఉన్న ట్రాన్సిస్టర్లది ప్రత్యేకమైన జబ్బు. వాటి డబ్బా లోపలి గోడ నుంచి తగరం వెంట్రుకలు పుట్టి లోపలి కాళ్లను షార్టు చేస్తాయి. డబ్బాకు కలిపిన నాలుగో కాలును కత్తిరిస్తే కొన్నిసార్లు ట్రాన్సిస్టరు తిరిగి పనిచేస్తుంది.

మూడో తరం సిలికాన్‌ది. బీసీ107, బీసీ108, బీసీ109లు యూరపు బోర్డులకు గుర్తు. జపాను బోర్డుల మీద 2ఎస్‌సీ అనే ముందుభాగం వదిలేసి ‘సీ458’ అని మాత్రమే రాస్తారు. ఆ 2ఎస్‌సీ458 వయసు మీరాక సొంతంగా చిటపటలు పుట్టించడంలో పేరుమోసింది. ఒక ఛానెల్‌లో వానచినుకుల్లాంటి చప్పుడు వస్తూ, సౌండు తగ్గించినా అది తగ్గకపోతే మొదట దాన్నే అనుమానించాలి. దీనికి బదులు వేసేటప్పుడు కాళ్ల వరస చూసుకోవాలి. చదునైన ముఖం తన వైపు పెట్టుకుని చూస్తే, జపాను ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లలో చాలావాటికి ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. అదే బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్. అమెరికా 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. పేరు సరిపోయింది కదా అని అవే రంధ్రాల్లో దించేయడం మరమ్మతుల్లో తరచూ జరిగే తప్పు.

తరం తేలాక బోర్డు పని తేల్చాలి. సర్వీస్ మాన్యువల్ లేకపోయినా కంటితో చాలావరకు తెలిసిపోతుంది. హెడ్‌ల నుంచి వచ్చే షీల్డు వైర్లు ఎక్కడ ముగుస్తాయో అదే ప్రీయాంప్లిఫయర్. ఫెర్రైట్ పాట్‌కోర్ కాయిలు లేదా రాగితీగ చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన ఎక్కువ వోల్టేజి ఫిల్మ్ కండెన్సర్లు ఉంటే అది ఆసిలేటరు. దాని నుంచి ఒక వైరు ఎరేజ్ హెడ్‌కు పోతుంది. రికార్డింగ్ యాంప్లిఫయరులో మర (స్క్రూ) లాగా తిప్పే కాయిలు ఉంటుంది. అది బయస్ వెనక్కి యాంప్లిఫయరులోకి రాకుండా అడ్డుకునే ట్రాప్. లావాటి కండెన్సర్, నాలుగు డయోడ్లు, ఫ్యూజు ఉన్నది పవర్ సప్లై. రిలేలు, అల్యూమినియం రెక్కల మీద బిగించిన పవర్ ట్రాన్సిస్టరు ఉన్నది మోటారు కంట్రోలు. స్టీరియో యంత్రంలో ఒకేలా ఉండే జంట బోర్డులు కుడి, ఎడమ ఛానెళ్లవి.

ఈ జంటతనం మెకానిక్కుకు దొరికిన వరం. ఒక ఛానెల్ మూగబోయి రెండోది పలుకుతుంటే, ప్లగ్గుతో బిగించే బోర్డులైతే రెండిటినీ అటుదిటు మార్చి చూడాలి. లోపం బోర్డుతో పాటు అవతలి ఛానెల్‌కు మారితే తప్పు బోర్డుది. ఉన్నచోటే ఉండిపోతే హెడ్‌ది, వైరుది, లేదా స్విచ్‌ది. బోర్డులు ఊడిరానివైతే రెండు బోర్డుల మీద ఒకే చోట వోల్టేజీలు కొలిచి పోల్చాలి. ఎక్కడ అంకెలు విడిపోతాయో లోపం దాని చుట్టుపక్కలే ఉంటుంది. మాన్యువల్ చేతిలో లేని మారుమూల ఊళ్లో కూడా ఈ ఒక్క పద్ధతితో చాలా యంత్రాలు బాగవుతాయి.

తయారీదారుల నంబర్లు ఇంకో ఆధారం. వీటిలో స్విట్జర్లాండు స్టూడర్, రివాక్స్‌ల పద్ధతి ఆదర్శం. 1967లో వచ్చిన ఏ77 బోర్డుల నంబర్లు 1.077తో, 1977లో వచ్చిన బీ77 బోర్డులవి 1.177తో మొదలవుతాయి. తర్వాతి మూడంకెలు బోర్డును, చివర చిన్నగీత తర్వాత వచ్చే రెండంకెలు దాని సవరణ వెర్షనును చెబుతాయి. ఏ77లో ఇన్‌పుట్, రికార్డింగ్, ప్లేబ్యాక్ యాంప్లిఫయర్లు ఛానెల్‌కు ఒకటి చొప్పున విడివిడి ప్లగ్గు బోర్డులు. టేపు నడకను రిలేలు అదుపు చేస్తాయి. బీ77 వచ్చేసరికి ఆ రిలేల స్థానంలో లాజిక్ ఐసీలు చేరాయి. మరమ్మతు చేసేవారి వైపు నుంచి చూస్తే ఏ77 చదువుకోవడానికి అనువైన యంత్రం. ప్రతి బోర్డునూ బయటికి లాగి, ఒళ్లో పెట్టుకుని చూడవచ్చు. దానికి పూర్తి వ్యతిరేకం 1970ల నాటి చవక జపాను డెక్కులు. అన్ని పనులూ ఒకే బోర్డు మీద ఉండి, దాన్ని తిరగేయాలంటే పాతిక ముప్పై వైర్లు కదుపుకోవాలి. దశాబ్దాల నాటి ఆ వైర్లు కదిపిన చోటల్లా తెగుతాయి. విప్పకముందే ఫోనుతో నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీసుకోవడం, ప్రతి వైరుకూ కాగితపు చీటీ కట్టడం తప్పనిసరి. ఇది తెలియనివారు లేరు, పాటించేవారు మాత్రం తక్కువ.

వాతావరణం బోర్డుల మీద వేసే ముద్ర ప్రాంతాన్ని బట్టి మారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి రాగిని, స్విచ్ కాంటాక్టులను తినేస్తుంది. చక్రాయపేట, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఉన్న పొడినేలలో తుప్పు తక్కువ, ఎండబెట్టడం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల కప్పు కింద అటక మీద పెట్టిన యంత్రం అంతకంటే వేడిని చూస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ పరిసర ఉష్ణోగ్రత పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో స్థిరపడిన లెక్క. లోపలి ద్రవం ఆవిరై దాని విలువ పడిపోతుంది. జెర్మేనియం ట్రాన్సిస్టరుకు వేసవి ఇంకో పరీక్ష. దానిలో లీకేజీ కరెంటు ప్రతి 10 డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుంది కనుక, 25 డిగ్రీల గదిలో ఉన్నదానికి 42 డిగ్రీల గదిలో మూడు రెట్లకు పైగా ఉంటుంది. పొద్దున బాగా పలికి మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయే జెర్మేనియం యంత్రానికి సాయంత్రం చల్లబడ్డాక బాగు కనిపిస్తే అది బాగు కాదు.

నాపరాళ్ల గనులు, బండల పాలిష్ యూనిట్లు ఉన్న చోట దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది. ఆ దుమ్ము మోటారు నూనెతో కలిసి ముద్దగా మారి స్లైడ్ స్విచ్చుల్లోకి చేరుతుంది. మూత లోపల కందిరీగల మట్టిగూళ్లు, బొద్దింకల రెట్టలు సర్వసాధారణం. వీటిని మెత్తటి కుంచెతో పొడిగా దులిపి, ఆ తర్వాతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. దుమ్ము ఉండగానే ద్రవం పోస్తే బురద అయి అందని సందుల్లోకి జారుతుంది. కిరోసిన్, పెట్రోలు బోర్డుల దగ్గరకే రాకూడదు.

మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలన్న విషయంలో మెకానిక్కుల మధ్య భేదాభిప్రాయాలున్నా, మొదటి మెట్టు మీద ఎవరికీ పేచీ లేదు. ఏళ్ల తరబడి మూలనపడ్డ యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో పెట్టి కరెంటు ఇవ్వాలి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిదే. పూర్తి వెలుగుతో నిలిచిపోతే లోపల షార్టు ఉంది. యూరపు యంత్రాల్లో షార్టుకు తరచుగా కారణం రీఫా కంపెనీ కాగితపు సప్రెషన్ కండెన్సర్లు. పారదర్శకమైన పసుపు పెంకు మీద సన్నని చీలికలు కనిపిస్తే, పనిచేస్తున్నా సరే, వాటిని మార్చేయాలి. చీలికల గుండా తేమ పీల్చి ఒకరోజు పొగతో పగులుతాయి, ఆ వాసన గదిని వదలదు. వోల్టేజి సెలెక్టరు 220, 240 రెండూ చూపిస్తుంటే 240 మీద పెట్టడం క్షేమం. సేద్యం మోటార్లు ఆగిన రాత్రివేళ పల్లెల్లో వోల్టేజి 240 కూడా దాటుతుంది.

తర్వాతిది పవర్ సప్లై. గుర్రుమనే హమ్ వినిపిస్తే దాని పౌనఃపున్యమే తప్పు ఎక్కడుందో చెబుతుంది. 100 హెర్ట్జ్ హమ్ అయితే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయింది. అంతకంటే లావుగా, 50 హెర్ట్జ్‌తో వస్తే ఎర్తు కనెక్షనో, హెడ్ షీల్డో, ఊడిన షీల్డు వైరో కారణం. రెండు ఛానెళ్లూ ఒకేసారి మూగబోతే కూడా ముందు చూడాల్సింది సప్లైనే. ఒక ఛానెలే పోతే సప్లైని వదిలి ఆ ఛానెల్ బోర్డుకు పోవాలి.

మూడోది, నిజానికి అన్నిటికంటే ముఖ్యమైనది, కాంటాక్టులు. అకాయ్, సోనీ, గ్రుండిగ్ బోర్డుల మీద జానెడు పొడవు స్లైడ్ స్విచ్ ఒకటి ఉంటుంది. ప్లే నుంచి రికార్డుకు మారేటప్పుడు ఇది ఒకేసారి పదుల కొద్దీ కనెక్షన్లను మారుస్తుంది. వెండిపూత కాంటాక్టుల మీద నల్లటి పొర పేరుకుంటే శబ్దం ఒకవైపు పోతుంది, వస్తూ పోతూ ఉంటుంది, ఒక్కోసారి ప్లేలోనే ఆసిలేటరు మొదలై టేపును తుడిచేస్తుంది. ఆ చివరి లోపం అమూల్యమైన రికార్డింగులను నాశనం చేయగలదు. కాంటాక్ట్ క్లీనరు కొద్దిగా చిలకరించి, కరెంటు లేకుండా, స్విచ్‌ను ఇరవై ముప్పై సార్లు ఆడించాలి. ప్రీసెట్లను, అంటే విలువ సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్లనూ, అలాగే తిప్పాలి. అయితే తిప్పకముందు ఒక్కోదాని స్థానాన్ని సన్నటి కలంతో గుర్తు పెట్టుకోవాలి. ప్లగ్గు బోర్డుల అంచు కాంటాక్టులను ఆల్కహాల్‌తోనే తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే పూత పోయి రాగి బయటపడుతుంది. చచ్చిందనుకున్న బోర్డుల్లో చాలావాటికి ఈ శుభ్రతే వైద్యం, సోల్డరింగ్ ఐరన్ అవసరమే రాదు.

అసలు వివాదం కండెన్సర్ల దగ్గర వస్తుంది. పాత యంత్రం చేతికి రాగానే అన్ని ఎలక్ట్రోలిటిక్‌లనూ తీసి కొత్తవి వేయాలనేది ఒక వాదం. కొలిచి, చెడినవే మార్చాలనేది రెండోది. మొదటివారి పక్షాన కాలం ఉంది. ఈరోజు బాగున్నది రేపు పోవచ్చు, మళ్లీ మళ్లీ విప్పడం కన్నా ఒకేసారి మేలు. కానీ పాత గోధుమరంగు బోర్డుల విషయంలో ఈ వాదం నిలవదు. వాటి రాగి అంటుకుని ఉన్నది బలహీనమైన జిగురుతో. ఒక బోర్డు మీద యాభై చోట్ల సోల్డరు లెడ్ కరిగించి పీకితే నాలుగైదు చోట్ల రాగి లేచిపోవడం, రెండు చోట్ల ధ్రువాలు తారుమారవడం జరగకమానదు. ఆ తర్వాత వచ్చే లోపం పాతదా, కొత్తగా చేతులారా తెచ్చుకున్నదా తెలియదు. పైగా అన్ని కండెన్సర్లూ ఒకలా వృద్ధాప్యం పొందవు. ఏ77లోని ఫ్రాకో ఎలక్ట్రోలిటిక్‌లు అపనమ్మకానికి తగినవి. అదే కాలపు ఫిలిప్స్ నీలిరంగువి ఇప్పటికీ అచ్చువేసిన విలువకు దగ్గరగా ఉంటాయి. సప్లైలోవీ, సిగ్నల్ దారిలో కప్లింగ్‌కు వాడినవీ, వాచినవీ, కారినవీ మార్చి, మిగతావాటిని కొలిచి వదలడమే సరైన దారి. ఎపాక్సీ ఫైబర్‌గ్లాస్ బోర్డులకు మాత్రం మొదటి పద్ధతి కూడా చెల్లుతుంది.

కప్లింగ్ కండెన్సర్ల విషయంలో ఉపేక్ష కూడదు. హెడ్‌కు ముందున్న కండెన్సర్ లీకైతే డీసీ హెడ్ గుండా పారి దాన్ని అయస్కాంతంగా మారుస్తుంది. అలాంటి హెడ్ మీద ఆడించిన ప్రతి టేపులోనూ బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది, పై స్వరాల స్పష్టత తగ్గుతుంది. ఈ కారణం చేతనే ముల్లు మీటరుతో హెడ్ కాయిలు ఓములు కొలవకూడదు. మీటరు బ్యాటరీ కరెంటు కూడా అదే హాని చేస్తుంది.

కొత్త కండెన్సర్ 105 డిగ్రీల రకమై ఉండాలి. వోల్టు అంకె పాతదానికి సమానం లేదా ఎక్కువ ఉండాలి. ఒక మైక్రోఫారడ్ లోపు విలువలకు ఫిల్మ్ రకం మెరుగు. టాంటలం పూసలు చెడితే ఎక్కువగా షార్టవుతాయి కనుక సప్లై దారిలో ఉన్నవాటి మీద కన్ను వేయాలి. లెడ్ విషయంలో పాత బోర్డుకు పాత రకమే, అంటే తగరం, సీసం కలిసినదే వాడాలి. 63/37 రకం 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సీసం లేనిదానికి ఇంకా ముప్పై డిగ్రీల పైచిలుకు వేడి కావాలి, గోధుమరంగు బోర్డు ఆ వేడిని ఓర్చుకోదు. 25 వాట్ల ఐరన్ చాలు. రెండు మూడు క్షణాల్లో కరగకపోతే తీసేసి, కొద్దిగా కొత్త లెడ్ తగిలించి మళ్లీ ప్రయత్నించాలి. డ్రై సోల్డరును భూతద్దంతో వెతకాలి. కాలు చుట్టూ వెంట్రుకవాసి ఉంగరంలా కనిపించే పగులే దాని గుర్తు. బరువైన భాగాలు, కనెక్టర్లు, పవర్ ట్రాన్సిస్టర్ల కాళ్ల దగ్గర ఇది ముందు వస్తుంది.

విడిభాగాలు ఇప్పటికీ అందని పండు కావు. రెసిస్టర్లు, కండెన్సర్లు, మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్లకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ ఉంది, బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉంది. కడప నుంచి నేరుగా రైలున్న చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉంది. దొరకనివి ఆసిలేటరు కాయిళ్లు, హెడ్‌లు, ఒక్కో కంపెనీ తనకోసమే చేయించుకున్న ఐసీలు. వీటికి మరో చచ్చిన యంత్రమే దిక్కు. కాబట్టి పనికిరాదనుకున్న స్పూలు యంత్రాన్ని పాత ఇనుము కింద తూకానికి వేయడం పెద్ద నష్టం.

బోర్డు పలికినంత మాత్రాన పని పూర్తి కాదు. రికార్డింగ్ చేయాలంటే బయస్ సరిచూడాలి. బయస్ తక్కువైతే పై స్వరాలు కీచుగా పెరిగి మాట గరగరలాడుతుంది, ఎక్కువైతే మాట మొద్దుబారుతుంది. 10 కిలోహెర్ట్జ్ స్వరం రికార్డు చేస్తూ బయస్ పెంచుతూ పోతే ఒకచోట ప్లేబ్యాక్ శిఖరానికి చేరి తగ్గడం మొదలవుతుంది. టేపు రకాన్ని, వేగాన్ని బట్టి రెండు నుంచి ఐదు డెసిబెల్స్ తగ్గే దాకా పోవాలి. దీన్ని మామూలు డిజిటల్ మల్టీమీటరుతో నేరుగా కొలవలేరు, 100 కిలోహెర్ట్జ్ దగ్గర అది చెప్పే అంకె అబద్ధం. ఆసిలోస్కోపు కావాలి. కొత్త రికార్డింగు కింద పాతది సన్నగా వినిపిస్తుంటే ఎరేజ్ హెడ్‌కు ఆసిలేటరు బలం చాలట్లేదు.

పాత టేపులు వినడమే లక్ష్యమైతే ప్లేబ్యాక్ ఈక్వలైజేషన్ చూసుకోవాలి. సెకనుకు 19.05 సెంటీమీటర్ల వేగంలో అమెరికా నాబ్ ప్రమాణం 50 మైక్రోసెకన్లు, యూరపు ఐఈసీ ప్రమాణం 70. ఒక పద్ధతిలో రికార్డయిన టేపును రెండో పద్ధతి బోర్డు మీద వింటే స్వరం పలచగానో మందంగానో మారుతుంది, ఇది లోపం కాదు. అలాగే మాటల మధ్య వెనక నుంచి ముందుకు పలికే వింత గొంతులు వినిపిస్తే బోర్డును విప్పాల్సిన పని లేదు. రెండు వైపులా వాడిన టేపును సరిపడని ట్రాకుల హెడ్ మీద ఆడిస్తున్నారని అర్థం. హెడ్ నిలువు కోణం, అంటే అజిముత్, ఒక్క మర తిప్పితే సరయ్యేది. అది తప్పినప్పుడు పోయే పై స్వరాల కోసం ప్రీయాంప్లిఫయర్ ట్రాన్సిస్టర్లు మార్చినవారు ఎందరో.

మార్చిన ప్రతి భాగాన్నీ, దాని పాత విలువనూ, తేదీనీ ఒక కాగితం మీద రాసి మూత లోపల అంటించాలి. బాగుచేసిన యంత్రం మీద మొదటిసారే ఇంటి పెద్దల గొంతులున్న టేపునో, ఊరి భజన టేపునో ఎక్కించకూడదు. పనికిరాని టేపుతో కనీసం ఒక గంట నడిపి, ఆసిలేటరు ప్లేలో నిద్రపోతోందని ఆసిలోస్కోపుతో రూఢి చేసుకుని, అప్పుడు ఎక్కించాలి. ఎక్కించిన రోజే, మొదటి ఆటలోనే, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో కంప్యూటరులోకి దించుకోవాలి. పాత టేపు రెండోసారి అంతే బాగా ఆడుతుందన్న భరోసా ఏ మెకానిక్కూ ఇవ్వలేడు.